ఫిలాసఫీ పీహెచ్‌డీ, టీఏ కొలువు: ఆఫర్ లెటర్ నుంచి మొదటి వేసవి దాకా నా లెక్కలు

మాది హనుమకొండ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ ఎంఏ చేసి, 2024 ఆగస్టులో పీహెచ్‌డీకి అమెరికా వచ్చాను. మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ. డబ్బుల సంగతులు విప్పి చెప్పబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. వచ్చే ముందు నేను ఎంత వెతికినా దొరికినవన్నీ కంప్యూటర్స్ ఎంఎస్ వాళ్ల అనుభవాలే. వాళ్లకి టీఏ (టీచింగ్ అసిస్టెంట్ పని) దొరికితే అదృష్టం, దొరక్కపోతే లోను తీసుకుంటారు, ఉద్యోగం వచ్చాక తీర్చుకుంటారు. ఫిలాసఫీ చదివేవాళ్లకి ఆ దారి లేదు. ఫండింగ్ లేకుండా వచ్చి ఐదారేళ్లు చదివి అప్పు తీర్చే ఉద్యోగం ఎక్కడుంది? అందుకే మా సబ్జెక్టులో అడ్మిషన్ కంటే దాని వెనకున్న డబ్బు ముఖ్యం.

యూనివర్సిటీ టీచర్ల అర్హత పరీక్ష నెట్‌ని 2023 జూన్‌లో రాస్తే నాకు లెక్చరర్‌షిప్, అంటే పాఠం చెప్పే అర్హత, వచ్చింది. పరిశోధనకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ కొద్దిలో తప్పింది. ఆ కొద్ది విలువ ఎంతో చెప్తాను. జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37 వేలు, పైన ఇంటి అద్దె భత్యం. రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు దొరికినా నాన్-నెట్ ఫెలోషిప్ కింద వచ్చేది 8 వేలు. ఏళ్ల తరబడి అదే అంకె. 2015లో దాన్ని కూడా ఎత్తేస్తామంటే ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు రాత్రీ పగలూ కూర్చున్నారు. గచ్చిబౌలి చుట్టుపక్కల 8 వేలకి గది దొరకడమే కష్టం. డిసెంబరు నెట్ మళ్లీ రాస్తూనే బయట కూడా ప్రయత్నిద్దామనుకున్నాను.

ఇంట్లో చెప్పినప్పుడు బాపు అడిగిన ప్రశ్న ఒకటే: "ఫిలాసఫీ సదివెటోల్లకు అమెరికోడు పైసలెందుకిస్తడు బిడ్డా?"

అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. మెరిట్ చూసి ఇస్తారని ఏదో చెప్పాను. ఏడాది పని చేశాక ఇప్పుడైతే బాగా తెలుసు. అక్కడ బీఏ, బీఎస్, నర్సింగ్, బిజినెస్ ఏది చదివినా చాలాచోట్ల ఎథిక్స్ లాంటి ఒక హ్యుమానిటీస్ కోర్సు తప్పనిసరి. ఒక్కో క్లాసులో వంద మంది, రెండు వందల మంది ఉంటారు. వాళ్లందరి వ్యాసాలు ఒక ప్రొఫెసర్ దిద్దలేరు. దిద్దడానికి మనల్ని తీసుకుంటారు. ట్యూషన్ మాఫీ, స్టైపెండ్, ఇన్సూరెన్స్ అన్నీ ఆ పనికి బదులుగా వచ్చేవే. డబ్బున్న ప్రైవేటు యూనివర్సిటీలు కొన్ని మొదటి ఏడాది పని లేకుండా ఫెలోషిప్ ఇస్తాయి, ఆ తర్వాత టీఏ చేయిస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు వచ్చిన మొదటి వారం నుంచే పని.

దరఖాస్తుల కాలం సెప్టెంబరు నుంచి జనవరి మొదటి వారం దాకా. జీఆర్ఈని ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్లు చాలావరకు తీసేశాయి, ఆ ఖర్చు మిగిలింది. టోఫెల్‌కి పదిహేడు వేల దాకా అయింది. దరఖాస్తు ఫీజు ఒక్కోచోట 50 నుంచి 100 డాలర్లు. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి మర్యాదగా ఈమెయిల్ రాస్తే కొన్నిచోట్ల ఫీజు మాఫీ చేస్తారు. ఇది వెబ్‌సైట్లో ఎక్కడో చివర్లో ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు. అడగడానికి మొహమాటపడొద్దు. నాకు రెండు చోట్ల చేశారు. అయినా డిసెంబరు చివరికి మొత్తం డెబ్బై వేలు దాటింది.

వీటన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది రైటింగ్ శాంపిల్. పదిహేను, ఇరవై పేజీల ఒక్క వ్యాసం. ఫిలాసఫీలో అడ్మిషన్ దాదాపుగా దీని మీదే ఆధారపడుతుంది. నాది శబ్దప్రమాణం మీద. ఒకరు చెప్పిన మాట దానంతట అదే జ్ఞానానికి ఆధారమవుతుందని న్యాయ దర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, అంటారు. కాదు, ఆ మాటను మళ్లీ ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం (సందేహం కాదు, ఒక గుర్తును బట్టి తర్కంతో తేల్చడం) మీదే నిలబెట్టాలని ఇంకో పక్షం. ఇంగ్లిష్ ప్రపంచంలో ఈ వాదం గత నలభై యాభై ఏళ్లలో బాగా పెరిగింది, కాబట్టి చదివేవాళ్లు ఉంటారనిపించింది. మా ఎంఏ గైడ్ మేడమ్ దాన్ని మూడుసార్లు తిరగరాయించారు. పీహెచ్‌డీలతో పాటు ఎంఏ వరకే ఉండే కొన్ని డిపార్ట్‌మెంట్లకీ పంపాను. అట్లాంటాలోని జార్జియా స్టేట్, మిల్వాకీలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ లాంటివి ఎంఏ వాళ్లకి కూడా టీఏ ఇస్తాయి. మన దగ్గర ఎంఏ చేసినవాళ్లు కూడా ముందు అక్కడ రెండేళ్లు చదివి, తర్వాత మంచి పీహెచ్‌డీకి వెళ్తుంటారు. మామూలు ఎంఏల్లో ఎక్కువచోట్ల ఫండింగ్ ఉండదు, వాటికి ఫీజు కట్టి దరఖాస్తు చేయడం దండగ.

ఫిబ్రవరిలో తిరస్కారాలు మొదలయ్యాయి. అమెరికా ఆఫీసు వేళల వల్ల ఈమెయిళ్లన్నీ మనకి రాత్రి పది తర్వాతే వస్తాయి. నిద్ర పాడవుతుంది. అన్నం తిని పడుకునే ముందు ఫోన్ చూడటం, చూసి పడుకోలేకపోవడం. మార్చి మధ్యలో ఒకటి మాత్రం తిరస్కారం కాదు, వెయిట్‌లిస్ట్. రెండు వారాలు ఏ కబురూ లేదు. డిసెంబరు నెట్ ఫలితం అప్పటికే వచ్చేసింది, అందులోనూ జేఆర్ఎఫ్ లేదు. అమ్మ ఏమీ అనలేదు గానీ హన్మకొండలో బీఈడీ కాలేజీల ఫీజు వివరాలు చెల్లితో కనుక్కుంటోందని తెలిసింది.

వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లు ఏప్రిల్ 15 గురించి తెలుసుకోవాలి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అని ఒక సంఘం ఉంది. దాని తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, ఫండింగ్‌తో ఆఫర్ ఇచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15 కంటే ముందే తేల్చుకోమని బలవంతం చేయకూడదు. దాంతో మంచి ఆఫర్లు రెండు మూడు ఉన్నవాళ్లు చివరి రోజు దాకా దేన్నీ వదలరు. వాళ్లు వదిలితేనే మనకి. కాబట్టి లిస్టు కదిలేది ఎక్కువగా చివరి రెండు రోజుల్లోనే. నాకు ఏప్రిల్ 14, ఆదివారం రాత్రి పదకొండు దాటాక వచ్చింది. మీరు ఇంకా ఆసక్తితో ఉన్నారా, రేపటిలోగా చెప్పగలరా అని. లేపి చెప్తే బాపు మొదట అడిగింది, "రేపటికి గింత తొందరేంది, ఇది అసలుదేనా?" అని. సైబర్ మోసమనుకున్నాడు. నిజానికి అనుమానించదగ్గ పద్ధతే.

ఆఫర్ లెటర్లో ఉన్నదిది. తొమ్మిది నెలలకి 21,000 డాలర్ల స్టైపెండ్. ట్యూషన్ మాఫీ. 0.50 టీఏ అపాయింట్‌మెంట్, అంటే వారానికి సగటున 20 గంటల పని. ఐదేళ్ల దాకా పొడిగింపు, చదువు సంతృప్తికరంగా సాగితే, నిధులు ఉంటే. పెద్దబాపు ఫోన్లోనే 83తో గుణించి పదిహేడు లక్షల నలభై వేలని చుట్టాలందరికీ చెప్పేశాడు. ఆ తర్వాత ఏడాదంతా మా ఇంటికి ఆ అంకెతోనే పిలుపులు వచ్చాయి, రెండు అప్పు కోసం.

ఆ రాత్రి నాకు సాయం చేసింది అదే యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పీహెచ్‌డీ చేస్తున్న ఖమ్మం అన్న ఒకాయన. మా సీనియర్ ద్వారా నంబరు దొరికింది. లెటర్ చదివి, సంబరం తర్వాత, ముందు డీజీఎస్‌కి ఈమెయిల్ పెట్టమన్నాడు. డీజీఎస్ అంటే డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రొఫెసర్. ట్యూషన్ మాఫీ సరే, ఫీజులు ఎవరు కట్టాలి, సెమిస్టర్‌కి ఎంత? ఇన్సూరెన్స్‌లో నా వాటా ఎంత? మొదటి జీతం ఏ తేదీన పడుతుంది? వేసవిలో పని దొరికేది ఎందరికి? మొదటి ఏడాదిలో టీఏకి ఎంతమంది విద్యార్థులు? ఇవన్నీ అడిగేశాను. అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని భయం వేసింది. తెల్లారేసరికి ఆవిడ ప్రతి ప్రశ్నకీ జవాబు రాశారు, ఒకదానికి మాత్రం "దీనికి మా విద్యార్థులే నిజం చెప్తారు" అని ఇద్దరి ఈమెయిల్ ఇచ్చారు. అది వేసవి ప్రశ్న. వాళ్లలో ఒకరు రాసింది ఒక్క వాక్యం: మే వరకు వచ్చే జీతాన్ని ఆగస్టు దాకా సాగదీయడం నేర్చుకో.

ఒప్పుకున్నాను.

వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే పత్రం రావడానికి ఐదు వారాలు పట్టింది. అక్కడో ఆశ్చర్యం. ఫుల్ ఫండింగ్ కదా, బ్యాంకు బ్యాలెన్స్ చూపించక్కర్లేదనుకున్నాం. కానీ యూనివర్సిటీ వాళ్ల లెక్క ప్రకారం అద్దె, తిండి, ఫీజులు, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 25,500 డాలర్లు. స్టైపెండ్ పోను 4,500 తక్కువ. ఆ తేడాకి మన ఖాతాలో డబ్బు చూపించాలి. అప్పటి రేటున మూడు లక్షల డెబ్బై అయిదు వేలు. అంటే యూనివర్సిటీయే, మేమిచ్చేది మా ఊళ్లో బతకడానికి చాలదని కాగితం మీద రాసిచ్చినట్టు. బాపు రిటైర్మెంట్ డబ్బుల్లో మిగిలింది ఎఫ్‌డీలో ఉంటే ఆ సర్టిఫికెట్ సరిపోయింది.

తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185. జూన్ చివర్లో స్లాట్ దొరికింది. వేలిముద్రలకి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద, ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. లైన్లో నా ముందూ వెనకా అందరూ డేటా సైన్స్. నా వంతు వచ్చాక ఆఫీసరు ఐ-20 చూసి, ఏం పరిశోధన చేస్తారని అడిగాడు. ఒకరు చెప్పిన మాటను నమ్మడం ఎప్పుడు జ్ఞానం అవుతుందనే దాని మీద అన్నాను. "అయితే మీరు చెప్పేది నేను ఎందుకు నమ్మాలి?" అని నవ్వాడు. ఆఫర్ లెటర్ అద్దం కింద నుంచి తోశాను. ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, తర్వాత ఏం చేస్తారు అని ఇంకో రెండు ప్రశ్నలు. మూడు నిమిషాలు పట్టలేదు. కోచింగులకి వేలకి వేలు పోస్తున్నారు గానీ టీఏతో పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకి ఆ లెటరే సగం ఇంటర్వ్యూ.

ఇక ఎవరూ ముందుగా చెప్పని భాగం. మొదటి జీతం పడేలోపు పెట్టాల్సిన ఖర్చు. టికెట్ 88 వేలు. టీకాలు, టీబీ పరీక్ష. అపార్ట్‌మెంట్‌కి మొదటి నెల అద్దె, దానికి సమానంగా డిపాజిట్. పరుపు, గిన్నెలు, సిమ్ము. క్లాసులు ఆగస్టు చివరి వారంలో మొదలైతే మొదటి జీతం సెప్టెంబరు చివరి పనిదినం. ఈలోగా ఫీజుల బిల్లు వచ్చేసింది, 900 డాలర్లకి కాస్త తక్కువ. విడతలుగా కడతానంటే ఒప్పుకున్నారు, దానికి 30 డాలర్లు అదనం. ఇదంతా చూసుకునే అమ్మ గాజులు, గొలుసు పెట్టి మూడు లక్షల గోల్డ్ లోన్ తీసుకున్నాం. ఫిలాసఫీకి ఎడ్యుకేషన్ లోన్ అడిగితే బ్యాంకాయన కోర్సు పేరు రెండుసార్లు చెప్పించుకుని, జీతం ఎంత వస్తుందో రాసిన కాగితం ఏదైనా ఉందా అన్నాడు. గోల్డ్ లోన్‌కి కోర్సు పేరు ఎవరూ అడగలేదు.

ఆగస్టు రెండో వారంలో దిగాను. మొదటి పదిరోజులు కాగితాలే. ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్, బ్యాంకు ఖాతా, హెచ్ఆర్‌లో ఐ-9 అనే పని అర్హత ఫారం. జీతానికీ పన్నులకీ కావాల్సిన సోషల్ సెక్యూరిటీ నంబరుకి దిగిన వెంటనే వెళ్లొద్దు, కనీసం పది రోజులు ఆగితే మన రికార్డులు వాళ్ల సిస్టంలోకి చేరతాయి. డిపార్ట్‌మెంట్ నుంచి ఉద్యోగం ఉన్నట్టు లెటరు, ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ఇంకో లెటరు పట్టుకెళ్లాలి. కార్డు రెండు వారాల్లో పోస్టులో వచ్చింది. అది రాకముందే పని మొదలుపెట్టవచ్చు.

నన్ను వణికించింది మాత్రం ఇంగ్లిష్ పరీక్ష. టోఫెల్ రాశాక మళ్లీ ఏంటని అనుకోవద్దు. బయటి దేశాల టీఏలకి మాట్లాడే ఇంగ్లిష్ సరిపోతుందో లేదో విడిగా చూస్తారు. నా టోఫెల్ స్పీకింగ్ మార్కు వాళ్ల కటాఫ్‌కి కొంచెం కింద ఉండటంతో, ముగ్గురి ముందు పది నిమిషాలు పాఠం చెప్పాల్సి వచ్చింది. ఫెయిలైతే సెక్షన్లు (టీఏ నడిపే చిన్న క్లాసులు) ఇవ్వరు, దిద్దే పని మాత్రమే ఇస్తారు, ఇంకో కోర్సు చేసి మళ్లీ రాయాలి. నేను అనుమానప్రమాణం తీసుకున్నాను. కొండ మీద పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది వంటింట్లో లాగా, కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ముగ్గురిలో ఒకామె చెయ్యెత్తి, మొన్న కాన్సర్ట్‌లో బోలెడు పొగ చూశాను, నిప్పు లేదే అంది. పిల్లలు అడిగే ప్రశ్నలాంటిది అడిగి మనం తడబడతామా అని చూస్తారన్నమాట. మన వాళ్లు వెయ్యేళ్లకి ముందే మంచునీ ధూళినీ పొగ అని పొరబడటం గురించి వాదించుకున్నారు కాబట్టి జవాబు సిద్ధంగా ఉంది. మీరు చూసింది పొగ అవునా కాదా అన్నది ముందు తేల్చాలి, హేతువే (ఇక్కడ పొగే) లేనప్పుడు అనుమానం మొదలే కాదు అన్నాను. పాసయ్యాను. "ప్రాబబ్లీ" అనే మాటని మింగేస్తున్నానని మాత్రం రాశారు.

మొదటి సెమిస్టర్ నాకు ఎథిక్స్ పరిచయ కోర్సు ఇచ్చారు. సోమ, బుధ వారాలు ప్రొఫెసర్ లెక్చర్, శుక్రవారం నావి మూడు డిస్కషన్ సెక్షన్లు, ఒక్కోదాంట్లో 25 మంది. పైన రెండు గంటల ఆఫీస్ అవర్స్, అంటే విద్యార్థులు వచ్చి కలిసే సమయం. ఆఫీసంటే బేస్‌మెంట్‌లో ఆరుగురు టీఏలకి మూడు బల్లలు. మొదటి శుక్రవారం ఉదయం తొమ్మిదింటి సెక్షన్లో ట్రాలీ సమస్య (ఐదుగురిని కాపాడటానికి ట్రాలీని ఒకరి మీదకి మళ్లించవచ్చా అనేది) అడిగితే ఒక్కరు నోరు విప్పలేదు. పది గంటల సెక్షన్లో అదే ప్రశ్నకి కొట్టుకున్నంత పని చేశారు. పదకొండింటికి వచ్చేసరికి నా గొంతు పోయింది. ఒకే పాఠం మూడుసార్లు చెప్పడంలో అలసట ఎలాంటిదో అప్పుడు తెలిసింది. మూడోసారి నేను వేసిన జోకు ముందు సెక్షన్లో వేశానా ఇక్కడే వేశానా అని అనుమానం వచ్చేది.

మామూలు వారాల్లో పని 14, 15 గంటలు దాటదు. సెమిస్టర్‌లో మూడుసార్లు వచ్చే వ్యాసాల వారాలు వేరు. 75 వ్యాసాలు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలంటే 25 గంటలు, అదీ మధ్యలో టీ తాగకుండా. మొదటి విడతలో నాకు ఒక్కోదానికి అరగంట పైనే పట్టింది. మన దగ్గర మార్కు వేసి సంతకం పెడితే అయిపోతుంది. ఇక్కడ ప్రతి వ్యాసానికీ కింద నాలుగైదు వాక్యాలు రాయాలి. ఎక్కడ వాదన నిలిచింది, ఎక్కడ జారింది, బీ ప్లస్ ఎందుకు. ఆ వారం నా సొంత సెమినార్ చదువు మొత్తం పక్కకి పోయింది. కాంట్ మీద నేను రాయాల్సిన పేపరు రాయకుండా, కాంట్ మీద 75 మంది రాసింది చదివాను. అందులో సగంమంది కాంట్ చెప్పింది "ఇతరులు నీకు ఏం చేయాలనుకుంటావో అదే వాళ్లకి చెయ్యి" అని రాశారు. ప్రొఫెసర్ లెక్చర్లో కాంట్ అలా అనలేదని ప్రత్యేకంగా చెప్పిన విషయమది.

రెండో విడతకి మూడో ఏడాది సీనియర్ ఒకామె పద్ధతి నేర్పింది. మొదట పదింటిని మార్కు వేయకుండా చదువు. తరచూ వచ్చే తప్పులు ఆరో ఏడో తేలతాయి. వాటికి వ్యాఖ్యలు ఒకసారి బాగా రాసి పెట్టుకో, తర్వాత ప్రతి విద్యార్థికీ ఒక్క వాక్యం సొంతంగా కలుపు. గంటలు ఎక్కడెక్కడ పోయాయో నోట్‌బుక్‌లో రాయమని కూడా చెప్పింది. 20 గంటలు సగటే గానీ, ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకి సెమిస్టర్ నడిచే కాలంలో క్యాంపస్ పని పరిమితి కూడా వారానికి 20 గంటలే. పని పొంగిపోతే ప్రొఫెసర్‌కి అంకెలతో చెప్పవచ్చు. నవంబరులో చెప్పాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు, మూడో వ్యాసం తీసేసి క్లాసులోనే బ్లూబుక్‌లో (జవాబుల పుస్తకంలో) చేత్తో రాసే పరీక్ష పెట్టారు. చాట్‌జీపీటీ వ్యాసాలతో ఆయనా విసిగిపోయి ఉన్నారు. "ముగింపుగా చెప్పాలంటే" అని మొదలయ్యే ఒకే మూస పేరాలు తొమ్మిదో పదో వరసగా వచ్చాయి ఆ విడతలో. చేతిరాత చదవడం కష్టమే గానీ, తప్పులైనా వాళ్ల తప్పులే.

ఇంకో చిన్న సంగతి. ఒక విద్యార్థి తల్లి నాకు ఈమెయిల్ రాసింది, మా అబ్బాయికి సీ ఎందుకు వచ్చిందని. మన దగ్గరైతే తండ్రి కాలేజీకి వచ్చి సార్‌ని కలవడం మామూలు. ఇక్కడ చట్టం ప్రకారం మామూలుగా విద్యార్థి ఒప్పుకోలు లేకుండా తల్లిదండ్రులతో మార్కుల మాట ఎత్తకూడదు. అతను మన క్లాసులో ఉన్నాడని కూడా చెప్పొద్దని ట్రైనింగులో అన్నారు. జవాబు రాయకుండా ప్రొఫెసర్‌కి పంపేశాను. దిద్దిన పేపర్ల కట్ట నడవాలో పెట్టి ఎవరిది వాళ్లు తీసుకోమనడం కూడా అందుకే కుదరదు.

జీతం నెలకి 2,333 డాలర్లు. సెప్టెంబరు నుంచి మే దాకా తొమ్మిదిసార్లు. అద్దె, కరెంటు కలిపి 700, ఇద్దరం పంచుకుంటే. కూరగాయలు, బియ్యం 300 లోపు. ఫీజుల్ని నెలలకి పంచితే 200. ఇన్సూరెన్స్ వాటా 100. ఫోను 25. పన్ను పోను చేతికి 2,100 పైచిలుకు వచ్చేది. గోల్డ్ లోన్‌కి 300 పంపి, ఇంకో 300 కదపకుండా పక్కన పెట్టేదాన్ని. మిగిలింది బస్సు, మందులు, శీతాకాలపు కోటు, అప్పుడప్పుడు బిర్యానీ. పెద్దబాపు పదిహేడు లక్షలు ఇలా అయిపోతాయి. హైదరాబాద్‌లో జేఆర్ఎఫ్ 37 వేలతో హాస్టల్లో ఉండే నా క్లాస్‌మేట్ నాకంటే ఎక్కువే వెనకేసింది, లెక్క వేసి చూసుకున్నాం.

పన్ను దగ్గర మాత్రం మనవాళ్లకి ఒక మేలు ఉంది, అది హెచ్ఆర్ వాళ్లకి కూడా ఒక్కోసారి గుర్తుండదు. విద్యార్థి వీసా మీద నాన్‌రెసిడెంట్‌గా ఉండేవాళ్లకి మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కలోంచి వదిలేసే మొత్తం) ఉండదు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకి ఉంటుంది. 2024కి అది 14,600 డాలర్లు. ఆ ఏడాదిలో నాకు వచ్చింది నాలుగు జీతాలే, 9,300 చిల్లర, కాబట్టి పట్టుకున్న ఫెడరల్ పన్ను మొత్తం వెనక్కి వచ్చింది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఉండవు. పే స్లిప్‌లో అవి కనబడితే వెంటనే అడగాలి. జీతంలో పన్ను ఎంత పట్టుకోవాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారం నింపేటప్పుడే ఒప్పందం సంగతి చెప్తే నెలనెలా పట్టుకునేది తగ్గుతుంది. ఫిబ్రవరిలో 1040-ఎన్ఆర్, 8843 అనే పన్ను ఫారాలు పంపాను, నెల లోపే రీఫండ్ పడింది. దాఖలుకి ఆఖరు తేదీ అదే ఏప్రిల్ 15. ఈ దేశంలో ఆ తేదీ అంటే నాకు ఇప్పటికీ గుండె దడే.

మే నెలాఖరున చివరి జీతం. జూన్, జూలై, ఆగస్టు ఏమీ లేదు. మా డిపార్ట్‌మెంట్‌లో వేసవి కోర్సులు నాలుగైదే ఉంటాయి, సీనియర్లకి ముందు. నాకు ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సులో దిద్దే పని దొరికింది, 1,800 డాలర్లు. సెలవుల్లో 20 గంటల పరిమితి ఉండదు కాబట్టి లైబ్రరీ కౌంటర్లో గంటకి 12 డాలర్ల పని కూడా పట్టుకున్నాను. ఏప్రిల్‌లోనే అడిగి పెట్టుకుంటే తప్ప అదీ దొరకదు. ఇంటికి వెళ్దామనే ఆలోచన ఉండేది. 2025 మే చివర్లో విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కొత్త స్లాట్లు ఆపేశారు, జూన్‌లో తెరిచారు గానీ అప్పటికే ఇంటర్నేషనల్ ఆఫీసు అవసరమైతే తప్ప దేశం దాటొద్దని చెప్పింది. నా వీసాకి గడువు ఉంది, అయినా ధైర్యం చేయలేదు. టికెట్ డబ్బు గోల్డ్ లోన్‌కి పోయింది. ఇంకా లక్షా పదివేలు ఉంది.

రెండో ఏడాది నియామక పత్రం జూన్‌లో వచ్చింది. 21,420 డాలర్లు, రెండు శాతం పెంపు. ఫీజులు సెమిస్టర్‌కి 60 డాలర్లు పెరిగాయి. 2025లో చాలాచోట్ల లాగే మా దగ్గర కూడా కొత్త పీహెచ్‌డీ సీట్లు తగ్గించారు. విద్యార్థులు మాత్రం తగ్గలేదు, దాంతో సెక్షన్‌కి 25 మంది కాస్తా 30 అయ్యారు. ఏ కోర్సు కావాలో రాయమని డీజీఎస్ ఒక ఫారం పంపుతారు, దాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నేను సింబాలిక్ లాజిక్ అని రాశాను, ఇచ్చారు. ట్రూత్ టేబుల్ తప్పో ఒప్పో రెండు నిమిషాల్లో తేలుతుంది, దాని మీద ఎవరి తల్లీ ఈమెయిల్ రాయదు. 90 మంది అయినా సరేనన్నాను.